అవయవదానం – ప్రజ్ఞ, కరుణ, సమత





మన విహారాల్లో దానం మాట వస్తే అన్నదానం, వస్త్రదానం, విద్యాదానం గురించి చెప్పుకుంటాం. ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న మన యువకులు రక్తదాన శిబిరాలు పెడుతున్నారు. సంతోషం. ఈసారి దానికి ఒక మెట్టు పైనున్న దానం గురించి మాట్లాడుకుందాం. అది అవయవదానం. అందులోనూ ముఖ్యంగా కిడ్నీ దానం.

ఈ విషయం ఇప్పుడెందుకంటారా? మన పేటల్లోకి, వాడల్లోకి ఒకసారి తొంగి చూడండి. డయాలసిస్‌కు పోయే మనిషి లేని ఊరు అరుదైపోతోంది. వారానికి రెండు మూడు సార్లు, పోయినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ మీద పడుకోవాలి. రోగి కూలి పోతుంది, తోడు పోయిన మనిషి కూలీ పోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే జనం ఏళ్ల తరబడి ఈ జబ్బుతో రాలిపోతున్నారు. అసలు కారణం ఏమిటో నేటికీ పూర్తిగా తేలలేదు.

దేశం లెక్క చూద్దాం. ఏటా సుమారు 2 లక్షల 20 వేల మందికి కొత్తగా కిడ్నీలు పూర్తిగా పాడవుతున్నాయని జాతీయ డయాలసిస్ కార్యక్రమం వారి అంచనా. 2023లో దేశమంతా కలిపి జరిగిన కిడ్నీ మార్పిడులు 13 వేల పైచిలుకు. అవి కూడా ఎక్కువగా బతికున్న తల్లో, భార్యో, తోబుట్టువో ఇచ్చినవే. చనిపోయాక అవయవాలు ఇచ్చినవారు ఆ ఏడాది దేశం మొత్తం మీద 1,099 మంది. 140 కోట్ల జనాభాలో అది పది లక్షలకు ఒక్కరు కూడా కాదు. స్పెయిన్ దేశంలో పది లక్షలకు 40 మందికి పైగా ఇస్తున్నారు. మన రోడ్ల మీద ప్రమాదాల్లోనే ఏటా లక్షన్నర మందికి పైగా చనిపోతున్నారు. అందులో కొద్దిమంది కుటుంబాలు సరేనన్నా ఎన్ని వేల ఇళ్లలో దీపం నిలబడేదో ఆలోచించండి.

1956లో బి.బి.సి. రేడియోలో మాట్లాడుతూ బాబాసాహెబ్ తనకు బౌద్ధం ఎందుకు ఇష్టమో చెప్పారు. మరే మతమూ కలిపి చెప్పని మూడు సూత్రాలను అది కలిపి చెబుతుందన్నారు. ఆ మూడే ప్రజ్ఞ, కరుణ, సమత. ఈ అవయవదానాన్ని కూడా ఆ మూడింటి వెలుగులోనే చూద్దాం. ఏ ఒక్కటి తప్పినా ఇది దానం కాదు. ప్రజ్ఞ లేకపోతే మూఢభయం మిగులుతుంది, కరుణ లేకపోతే వ్యాపారం అవుతుంది, సమత లేకపోతే దోపిడీ అవుతుంది.

ప్రజ్ఞ: దేహాన్ని ఉన్నదున్నట్టు చూడటం

సతిపట్ఠానంలో తథాగతుడు దేహాన్ని ఎలా చూడమన్నాడు? సంచి మూతి విప్పి అందులో వడ్లున్నాయి, పెసలున్నాయి, నువ్వులున్నాయి అని గింజ గింజా వేరు చేసి చూసినట్టు, ఈ దేహంలో వెంట్రుకలు, గోళ్లు, ఎముకలు, కండరాలు ఉన్నాయని విడివిడిగా చూడమన్నాడు. ఆ జాబితాలో హదయం ఉంది, అంటే గుండె. యకనం ఉంది, అంటే కాలేయం. పప్ఫాసం ఉంది, అంటే ఊపిరితిత్తులు. వక్కం ఉంది, అంటే మూత్రపిండం. మన కిడ్నీయే! ఈ భాగాల్లో 'నేను' అనేది ఎక్కడా దొరకదు. ఇది నాది, ఇది నేను అని పట్టుకుని వేలాడటానికి ఏమీ లేదని తెలుసుకోవడమే ఆ ధ్యానం ఫలితం.

అయినా మనలో కొందరికి పాత భయాలు ఇంకా వదల్లేదు. "కిడ్నీ తీసేస్తే వచ్చే జన్మలో కిడ్నీ లేకుండా పుడతారంట", "కళ్లిస్తే పైలోకంలో దారి కనపడదంట" అనే మాటలు వింటున్నాం. ఈ మాటలు ఎక్కడివి? ఆత్మ ఉంది, అది దేహాన్ని వదిలి ఇంకో దేహంలోకి దూరుతుంది అనే నమ్మకం నుంచి వచ్చినవి. మనం ఆత్మను ఒప్పుకోం. చనిపోయాక దేహంలోని పృథ్వి, ఆపో, తేజో, వాయో ధాతువులు బయటి ధాతువుల్లో కలిసిపోతాయని బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో వివరించారు. నాగపూర్ దీక్షాభూమిలో 1956 అక్టోబర్ 14న ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం పెట్టను, పిండప్రదానం చేయను అనే ప్రతిజ్ఞ ఉంది గదా. పిండం వద్దన్నవాళ్లం, దేహం మీద మాత్రం పాత భయం ఎందుకు ఉంచుకోవాలి? మట్టిలో కలిసేదాన్నో, మంటలో కాలేదాన్నో ఒక మనిషికి ఇస్తే పోయేదేముంది?

రెండో భయం ఇంకోటుంది. "ప్రాణం ఉండగానే కోసేస్తారేమో!" ఈ అనుమానాన్ని నవ్వి కొట్టిపారేయకూడదు. ఆసుపత్రుల్లో పేదవాళ్లకు జరిగే అవమానాలు చూసిన వాళ్లం కాబట్టి అనుమానం సహజం. అందుకే విషయం తెలుసుకోవాలి. పేపర్లలో 'జీవన్మృతుడు' అని రాస్తారు చూడండి, ఆ మాట మనల్ని తికమక పెడుతుంది. సగం బతికున్నాడేమో అనుకుంటాం. కాదు. మెదడు పూర్తిగా చనిపోయి, ఇక ఎన్నటికీ తిరిగి రాని స్థితి అది. వెంటిలేటర్ గాలి కొడుతుంది కాబట్టి ఛాతీ కదులుతుంది, గుండె కొంతసేపు కొట్టుకుంటుంది. మిషన్ తీసేస్తే ఊపిరి ఉండదు. కోమా వేరు, ఇది వేరు. కోమాలో మెదడు బతికే ఉంటుంది.

1994లో వచ్చిన మానవ అవయవ మార్పిడి చట్టం ప్రకారం ఈ మరణాన్ని నలుగురు డాక్టర్లు కలిసి నిర్ధారించాలి. వాళ్లలో మెదడు, నరాల నిపుణుడు ఉండాలి. కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేయాలి. అవయవాలు మార్చే డాక్టర్లు ఆ నలుగురిలో ఉండకూడదు. కుటుంబం సంతకం లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు. దానం ఒప్పుకున్న తర్వాత ఆ దేహాన్ని కాపాడటానికి, అవయవాలు తీయటానికి అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదని నిబంధనలు చెబుతున్నాయి. ఇవన్నీ అడిగే హక్కు మనకుంది. నలుగురి సంతకాలు చూపించమనండి, రెండు పరీక్షలు ఎప్పుడెప్పుడు చేశారో అడగండి. వచ్చి చూడు, పరీక్షించి ఒప్పుకో అన్నదే గదా ధమ్మం.

కరుణ: ఇచ్చే చెయ్యి

ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. తోటి భిక్షువులు పట్టించుకోలేదు. బుద్ధుడు ఆనందుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, స్వయంగా నీళ్లు పోసి, కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు. తర్వాత సంఘాన్ని పిలిచి, నాకు సేవ చేయదలచినవాడు రోగికి సేవ చేయాలి అనే అర్థంలో బోధించాడు. రోగిని చూడటం ధమ్మానికి బయటి పని కాదు, ధమ్మమే.

దాన పారమిత మూడు మెట్లుగా ఉంటుందని పెద్దలు వివరించారు. వస్తువులు ఇవ్వటం మొదటి మెట్టు, దాన పారమి. దేహంలోని అవయవం ఇవ్వటం రెండో మెట్టు, దాన ఉపపారమి. ప్రాణం ఇవ్వటం మూడోది, దాన పరమత్థ పారమి. పది పారమితలు పాటిస్తానని మనం ప్రతిజ్ఞ చేసినవాళ్లమే. అంటే అవయవదానం మన ధమ్మంలో కొత్తగా చేర్చిన మాట కాదు, ముందు నుంచీ ఉన్న మెట్టు.

శిబి పేరు తెలుగువాళ్లందరికీ తెలుసు. పావురం కథలో విన్నాం. నాగార్జునకొండ శిల్పాల్లో కూడా శిబి కథ ఉంది. పాళీ జాతకంలో మాత్రం ఆ రాజు దానం చేసింది కళ్లు. అన్నీ ఇచ్చాను గానీ నా దేహంలోది ఏదీ ఇవ్వలేదే అని ఆలోచించిన రాజు, గుడ్డివాడొకడు వచ్చి కన్ను అడిగితే వైద్యుణ్ణి పిలిపించి రెండు కళ్లూ తీయించి ఇచ్చాడు. కథలోని మహిమలు మనకు అక్కర్లేదు. ఇచ్చిన మనసు కావాలి. ఆ మనసు ఎంత పని చేసిందో శ్రీలంకను చూస్తే తెలుస్తుంది. అక్కడ డాక్టర్ హడ్సన్ సిల్వా 1961లో నేత్రదాన సంఘం పెట్టారు. బౌద్ధ ప్రజలు వేలాదిగా ముందుకొచ్చారు. ఆ చిన్న ద్వీపం తన అవసరం తీర్చుకోవటమే కాక ఎన్నో దేశాల అంధులకు కార్నియాలు పంపింది. ప్రభుత్వం బలవంతం చేసి చేయించిన పని కాదది. విహారాల్లో భిక్షువులు చెప్పారు, జనం విన్నారు.

మన దగ్గరా మంచి మనసుకు కొదవలేదు. 2021 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా రైతు ఒకాయన బ్రెయిన్‌డెత్ అయితే ఆయన కుటుంబం అవయవదానానికి ఒప్పుకుంది. హైదరాబాద్‌లో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైలును ఎక్కడా ఆపకుండా నడిపి ఆయన గుండెను చేర్చారు. గుండె నాలుగైదు గంటలకు మించి ఆగదు మరి. కిడ్నీ అయితే ఒక రోజు దాకా నిలుస్తుంది. ఒక్క దేహం నుంచి గుండె, కాలేయం, రెండు కిడ్నీలు, రెండు ఊపిరితిత్తులు, పాంక్రియాస్, పేగులు కలిపి ఎనిమిది మంది దాకా బతకొచ్చు.

ఇక్కడ ఒక మాట. కొడుకు ఐసీయూలో పోయిన తల్లి దగ్గరకు పోయి "ఇస్తావా ఇవ్వవా" అని అడగటం కరుణ కాదు. బిడ్డ శవాన్ని చంకనేసుకుని తిరిగిన కిసాగోతమికి బుద్ధుడు మొదటే పాఠం చెప్పలేదు. ఆవాలు తెమ్మని పంపాడు, ఇల్లిల్లూ తిరగనిచ్చాడు, ఆమె తనంతట తాను తెలుసుకునే దాకా ఆగాడు. దుఃఖంలో ఉన్నవాళ్లకు సమయం కావాలి, పక్కన కూర్చునే మనిషి కావాలి. స్పెయిన్ విజయం వెనక ఉన్న రహస్యం కూడా ఇదే. ప్రతి పెద్ద ఆసుపత్రిలో కుటుంబంతో మాట్లాడటానికి శిక్షణ పొందిన సమన్వయకర్తలను పెట్టారు. మన దేశంలో ప్రతి ప్రభుత్వ పెద్దాసుపత్రిలో తెలుగులో, ఉర్దూలో, గోండిలో, లంబాడీ భాషలో ఓపిగ్గా మాట్లాడే అలాంటి మనుషులు ఉండాలి. కుటుంబం వద్దంటే ఆ మాటను గౌరవించాలి. బలవంతం ఉన్నచోట దానం లేదు.

సమత: ఎప్పుడూ మనమేనా ఇచ్చేది?

ఈ విషయం ఎత్తితే మన యువకులు ఒక ప్రశ్న వేస్తారు. "వేల ఏళ్లు మన చెమట తీసుకున్నారు, మన చర్మాలు ఒలిచే పని మనతోనే చేయించారు. చచ్చాక కూడా మన కిడ్నీలు వాళ్లకేనా అన్నా?" ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి జవాబు చెప్పకుండా అవయవదానం గురించి మాట్లాడే అర్హత ఎవరికీ లేదు.

2001లో చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని పరిశోధకులు కలిశారు. వందలో 96 మంది అప్పు తీర్చుకోవటానికే అమ్మారు. అప్పు తీరిందా? నాలుగింట మూడు వంతుల మంది ఇంకా అప్పుల్లోనే ఉన్నారు. కుటుంబ ఆదాయం మూడో వంతు పడిపోయింది. వందలో 86 మంది ఆరోగ్యం దెబ్బతిందన్నారు. వేరేవాళ్లకు అమ్మమని సలహా ఇస్తారా అంటే వందలో 79 మంది వద్దన్నారు. చట్టం వచ్చిన ఏడేళ్ల తర్వాతి మాట ఇది. కిడ్నీ దళారులు దొరికారన్న వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఆ దళారి ఎవరి గుమ్మం ముందుకు వస్తాడు? మేడ ముందుకు రాడు. వడ్డీకి తెచ్చిన డబ్బు కట్టలేని గుడిసె ముందుకే వస్తాడు.

ధమ్మం దీన్ని ఏమంటుంది? ఉపాసకుడు చేయకూడని వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారం, మాంసం వ్యాపారం రెండూ ఉన్నాయి. మనిషి అవయవం అమ్మకం ఈ రెండూనూ. ఇవ్వనిది తీసుకోను అన్నది మన రెండో శీలం. ఆకలిని, అప్పును అడ్డం పెట్టుకుని తీసుకున్నది ఇచ్చినది కాదు, లాక్కున్నది. అవయవాలతో వ్యాపారం చేస్తే ఐదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా అని 2011 సవరణ చెబుతోంది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వినండి. బానిస దానం చేయలేడు. బానిస దగ్గర నుంచి తీసుకుంటారు, అంతే. స్వేచ్ఛ ఉన్నవాడే దానం చేయగలడు. 'ఇస్తాను' అనగలవాడికి 'ఇవ్వను' అనే హక్కు కూడా ఉంటుంది. మనం దీక్ష తీసుకుని స్వేచ్ఛగల మనుషులమయ్యాం. మన దానం ఇక లొంగుబాటు కాదు, సమానుడు సమానుడికి చేసేది. మహాడ్‌లో 1927లో చెరువు నీళ్లు ముట్టుకున్నందుకు మనవాళ్లను కొట్టారు. ఇవాళ మన గుండె వాళ్ల ఛాతీలో, వాళ్ల కిడ్నీ మన కడుపులో పనిచేస్తుంది. రక్తం గ్రూపు కలవాలి గానీ, కులం కలవాల్సిన పని లేదు. కులం అబద్ధమని చెప్పటానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

కానీ రుజువు చాలదు, న్యాయం కావాలి. వేచి ఉన్నవాళ్ల జాబితా కులం అడగదు, నిజమే. ఆ జాబితాలో పేరు ఎక్కాలంటే ముందు పెద్దాసుపత్రి గడప ఎక్కాలి, పరీక్షలకు డబ్బుండాలి. మన దేశంలో మార్పిడి ఆపరేషన్లు ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. పేదవాడు దాతల వరుసలో ఉంటాడు, తీసుకునే వరుసలో కనపడడు. దీన్ని సరిచేయకపోతే ఎన్ని ప్రచారాలు చేసినా జనం నమ్మరు. నమ్మకం లేనిదే దానం పెరగదు.

ఇంట్లో అసమానత ఇంకా ఘోరం. 1995 నుంచి 2021 దాకా దేశంలో అవయవం పొందిన ప్రతి ఐదుగురిలో నలుగురు మగవాళ్లు. బతికుండగా ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. భర్తకు కిడ్నీ పోతే భార్య ఇస్తుంది. భార్యకు పోతే? "పిల్లలున్నారు, సంపాదించేవాడు ఆయనొక్కడే" అంటారు. ఒక సమాజం ఎంత ముందుకు పోయిందో ఆడవాళ్ల ముందడుగుతో కొలుస్తానన్న బాబాసాహెబ్ బిడ్డలం మనం. ఉపాసకులారా, ఈ లెక్కను మొదట మన ఇంట్లో సరిచేయండి. 2025 ఆగస్టులో జాతీయ అవయవ మార్పిడి సంస్థ 'నోటో' కూడా జాబితాలో ఉన్న స్త్రీలకు, గతంలో దానం చేసిన కుటుంబాల వారికి ప్రాధాన్యం ఇవ్వమని రాష్ట్రాలకు సూచించింది. సూచన కాగితం మీద ఆగిపోకూడదు.

దేశం చేయాల్సినవి, మనం అడగాల్సినవి

కొంత మంచి జరిగింది, అది ఒప్పుకోవాలి. 2023లో కేంద్రం మూడు అడ్డంకులు తీసేసింది. మరణానంతర అవయవం కోసం పేరు రాయించుకోవటానికి 65 ఏళ్ల వయసు పరిమితి తీసేశారు, సొంత రాష్ట్రంలోనే నమోదు కావాలన్న షరతు తీసేశారు, నమోదుకు ఫీజు తీసుకోవద్దన్నారు. తెలుగు నేల మీద 2013 నుంచి 'జీవన్‌దాన్' పనిచేస్తోంది. ఆరోగ్యశ్రీలో కిడ్నీ మార్పిడి ఉంది. తమిళనాడు 2023లో దాతల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరపాలని నిర్ణయించింది. ఇంకా కావాల్సినవి ఇవి:

ఒకటి, ప్రతి జిల్లా పెద్దాసుపత్రిలో బ్రెయిన్‌డెత్ నిర్ధారించే ఏర్పాటు, సమన్వయకర్తలు ఉండాలి. చాలాచోట్ల అడిగేవాళ్లు లేకనే దానం పోతోంది.

రెండు, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మార్పిడి ఆపరేషన్లు పెరగాలి. హైదరాబాద్ నిమ్స్‌లో జరుగుతున్నది ప్రతి రాష్ట్రంలో నాలుగైదు చోట్ల జరగాలి.

మూడు, ఆపరేషన్‌తో పని అయిపోదు. కొత్త కిడ్నీని దేహం తిరస్కరించకుండా బతికినన్నాళ్లూ మందులు వాడాలి. ఆ మందులు ఆగితే కిడ్నీ పోతుంది, దానం వృథా అవుతుంది. జీవితాంతం ఉచితంగా మందులు అందాలి.

నాలుగు, బతికుండగా కిడ్నీ ఇచ్చినవాళ్లకు ఏటా ఉచిత పరీక్షలు, అవసరమైతే జాబితాలో ముందు స్థానం గట్టిగా అమలు కావాలి.

ఐదు, ఎవరికి అవయవం వచ్చింది, ఏ ఆసుపత్రికి పోయింది, ఆడా మగా, పేదా గొప్పా లెక్కలు పేర్లు లేకుండా ఏటా బయటపెట్టాలి.

మన సంకల్పం

ముందుగా ఉన్న కిడ్నీలను కాపాడుకుందాం. కిడ్నీలను ఎక్కువగా తినేసేవి షుగరు, బీపీ. ఏడాదికొకసారి రెండూ చూపించుకోండి. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో బిళ్లలు కొని రోజూ మింగటం మానండి. ఎండలో పనిచేసేవాళ్లు నీళ్లు తాగుతూ ఉండండి. మత్తు వద్దన్న ఐదో శీలం ఇక్కడ కూడా మనల్ని కాపాడుతుంది.

తర్వాత ఇంట్లో మాట్లాడండి. మీరు ప్రతిజ్ఞాపత్రం రాసినా చివరకు సంతకం పెట్టాల్సింది మీవాళ్లే. అందుకే పత్రం కంటే ముందు పళ్లెం ముందు కూర్చున్నప్పుడు చెప్పండి. "నాకేమన్నా అయితే నా అవయవాలు ఇవ్వండి" అని భార్యకో, భర్తకో, ఎదిగిన పిల్లలకో ఒక్క మాట. ఆధార్‌తో నోటో వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవచ్చు. వివరాలకు 1800 11 4770కు ఫోన్ చేస్తే ఖర్చు ఉండదు. బ్రెయిన్‌డెత్ కొద్దిమందికే సంభవిస్తుంది గానీ కళ్లు దాదాపు అందరూ ఇవ్వొచ్చు. ఇంట్లో పోయినా ఆరు గంటల్లోపు ఇవ్వొచ్చు.

అప్పుల్లో ఉన్న ఇంటిని కనిపెట్టి ఉండండి. దళారి వచ్చేలోపు సంఘం వెళ్లాలి. ప్రతి విహారంలో చిన్న సహాయనిధి ఉంటే ఒక కిడ్నీ అమ్ముడుపోకుండా ఆపొచ్చు. అది కూడా దానమే.

ధమ్మ బంధువులారా, వచ్చే పున్నమికి విహారానికి వచ్చేటప్పుడు ఇంట్లో ఈ మాట మాట్లాడి రండి. ఇవ్వటానికి సిద్ధపడదాం. అమ్మటానికి, లాక్కోవటానికి ఎవరినీ ఒప్పుకోకుండా నిలబడదాం. ప్రజ్ఞతో తెలుసుకుని, కరుణతో ఇచ్చి, సమతను సాధించుకుందాం.

సకల జీవులకు మంగళం కలుగుగాక! సాధు! సాధు! సాధు!

జై భీమ్! నమో బుద్ధాయ!